ఈనబోయే పందిని గూడు కట్టుకోనివ్వాలి

పంది చూడి కాలం సుమారు 114 రోజులు. మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు అని గుర్తుపెట్టుకుంటే మరచిపోవడం ఉండదు. మగపందితో దాటించిన తేదీ రాసిపెట్టుకున్న రైతుకు ఈనే రోజు ఒకటి రెండు రోజుల తేడాతో ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ తేదీకి వారం ముందే తల్లిని కడిగి, శుభ్రం చేసి ఆరబెట్టిన ఈత గదిలోకి మార్చాలి. ఆఖరి గడియలో మారిస్తే అది కొత్త చోటి బెరుకుతోనే ఈనవలసి వస్తుంది.

ఆ గది 4 మీటర్ల పొడవు, 2.5 మీటర్ల వెడల్పు ఉంటే తల్లి అటూ ఇటూ తిరగడానికీ, పిల్లలకు విడిగా ఒక మూల ఉంచడానికీ సరిపోతుంది. గోడ వెంట, నేలకు 20–25 సెంటీమీటర్ల ఎత్తులో, గోడకు కూడా దాదాపు అంతే ఎడంగా ఇనుప గొట్టం బిగించాలి. తల్లి గోడకు ఆనుకొని జారుతూ పడుకున్నప్పుడు ఆ గొట్టం వెనక మిగిలే ఖాళీలోనే పిల్ల ప్రాణం దక్కుతుంది.

మన దొడ్లలో చాలామంది పట్టించుకోనిది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పంది గూడు కట్టుకునే కోరిక. స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పెంపుడు పందులను చెట్లూ పొదలూ ఉన్న ఆవరణలో వదిలి గమనించినప్పుడు, అవి ఈనే ముందు మందకు దూరంగా వెళ్లి, గుంత తవ్వి, గడ్డీ కొమ్మలూ నోటితో మోసుకొచ్చి పరుచుకున్నాయి. ఈనడానికి దాదాపు ఒక రోజు ముందు ఒంట్లో హార్మోన్లు మారడంతో మొదలయ్యే ఈ ఆరాటాన్ని ఎన్ని తరాల పెంపకమూ చెరపలేకపోయింది.

మా దొడ్డిలో తొలి ఈత పంది ఒకటి వట్టి సిమెంటు నేల మీద రాత్రంతా ముందుకాళ్లతో గీరుతూ, మూతితో నేలను దున్నబోతూ, గేటు ఊచలను కొరుకుతూ ఉండడం చూసి మొదట జబ్బు చేసిందనుకున్నాను. ఒక మోపు వరిగడ్డి విప్పి వేయగానే అది పాయలు పాయలుగా నోట కరచుకుని మూలకు తీసుకుపోయింది. కాలితో సర్ది, చుట్టూ తిరిగి, మళ్లీ వచ్చి ఇంకో పాయ అందుకుంది. తెల్లవారేలోపు ఆ గడ్డిలోనే ప్రక్కవాటుగా పడుకుని ప్రశాంతంగా ఈనింది.

అందుకే ఈనే తేదీకి రెండు రోజుల ముందు నుంచే రెండు కిలోలకు తగ్గకుండా పొడవైన, పొడి వరిగడ్డి గదిలో ఉంచాలి. బూజు వాసన వచ్చే గడ్డి పనికిరాదు. ఊకతో పడక మెత్తబడుతుందే గాని, నోటితో మోయడానికి అది అందదు. కాలువకు గడ్డి అడ్డుపడుతుందనే భయముంటే మురుగు తూముకు జాలీ బిగిస్తే చాలు. తిరగడానికి వీల్లేని ఇనుప చట్రంలో బంధిస్తే తల్లి ఆందోళన పెరుగుతుంది, నొప్పులను నడిపించే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, ఈనడానికి ఎక్కువ సేపు పడుతుంది. స్వీడన్, నార్వే, స్విట్జర్లాండ్ దేశాల చట్టాలు అలా బంధించడాన్ని మామూలు పద్ధతిగా ఒప్పుకోవు.

చన్ను నొక్కితే పాలు ధారగా వస్తున్నాయంటే ఒక రోజులోపు ఈనుతుందని లెక్క. గడ్డి సర్దడం మాని తల్లి నిమ్మళంగా పడుకుందంటే సమయం దగ్గరపడినట్టే. సాధారణంగా పిల్లకూ పిల్లకూ మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. గంట దాటినా మరో పిల్ల రాక, తల్లి ముక్కుతూనే ఉంటే పశువైద్యుణ్ణి పిలవాలి. పిల్ల అడ్డం తిరిగి ఉన్నప్పుడు సొంతంగా ఆక్సిటోసిన్ సూది వేయడం తల్లీ పిల్లల ప్రాణం మీదికి తెస్తుంది.

పుట్టిన పిల్ల ఒంట్లో కొవ్వు దాదాపు ఉండదు. దానికి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి; తల్లికేమో 20 డిగ్రీలు హాయి. గదంతా వేడి చేస్తే తల్లి వగరుస్తుంది, మేత మానేస్తుంది. కనుక వేడినిచ్చే బల్బు వెలుగు తల్లికి అందని పిల్లల మూలలో మాత్రమే ఉండాలి. మన వేసవిలో తల్లి మెడ మీద చుక్కలుగా నీళ్లు పడే ఏర్పాటు చేసి, పిల్లల మూలను మాత్రం పొడిగా ఉంచాలి.

మాయ ద్వారా తల్లి నుంచి పిల్లకు రోగనిరోధక శక్తి అందదు. అదంతా ముర్రుపాలతోనే రావాలి, పేగు దాన్ని పీల్చుకోగలిగేది మొదటి 24 గంటలే. పిల్ల ముక్కూ నోరూ తుడిచి, బొడ్డుకు టించర్ అయోడిన్ అద్ది, బలహీనమైన దాన్ని ముందుగా ఛాతీ వైపు చన్నుకు పట్టించాలి. పిల్లలు మరీ ఎక్కువైతే, తల్లి ముర్రుపాలు తాగిన తరువాతే, అదే సమయంలో ఈనిన మరో పందికి కొన్నింటిని అలవాటు చేయాలి. ఆలస్యమైతే పిల్లలు తమ తమ చన్నులను స్థిరపరచుకుంటాయి, కొత్తవాటిని దగ్గరకు రానివ్వవు.

తొలి ఈత తల్లి ఒక్కోసారి బెదిరి పిల్లలను కరుస్తుంది. అప్పుడు కొట్టకూడదు, అరవకూడదు. ఈత ముగిసేవరకు పిల్లలను వెచ్చని బుట్టలో ఉంచి, తల్లి కుదుటపడ్డాక ఒక్కొక్కటిగా పాలకు పట్టించి చూడాలి. అది గురగురమంటూ పొదుగు చూపిస్తే ఒప్పుకున్నట్టు. ఆ గురగుర గంటకోసారి వినబడుతుంది. దాని వేగం హఠాత్తుగా పెరిగినప్పుడు పాలు దిగేది 20 సెకన్ల పాటే కాబట్టి, ఆ సమయంలో మనుషులు గదిలోకి వెళ్లకూడదు.

తల్లి బోర్లా పడుకుని పొదుగు దాచినా, మేత ముట్టకపోయినా, జ్వరం 40 డిగ్రీలు దాటినా పాలు ఆగిపోతున్నాయని గుర్తించి అదే రోజు వైద్యం చేయించాలి. మూడో రోజున ప్రతి పిల్లకూ 200 మిల్లీగ్రాముల ఇనుము సూది వేయించి, తడిసిన గడ్డి తీసి పొడిది పరచాలి.