చిన్న బడ్జెట్ హారర్ మిస్టరీ సిరీస్ చూశాక అభిప్రాయం ఎలా రాయాలి?

"బాగుంది", "బోర్", "ఒకసారి చూడొచ్చు". వెబ్ సిరీస్‌ల మీద జనం చెప్పే మాటలు చాలావరకు ఈ మూడింటి దగ్గరే ఆగిపోతాయి. ఇవి చదివితే రాత్రి పదింటికి సిరీస్ మొదలుపెట్టాలో, దుప్పటి కప్పుకుని పడుకోవాలో ఎవరికీ తేలదు. పెద్ద హీరో సినిమా అయితే ఎవరేమన్నా మొదటిరోజు టికెట్లు తెగుతాయి. పేరున్న తారలు లేకుండా ఒక ఇంట్లోనో ఒక ఊళ్లోనో తీసిన హారర్ మిస్టరీకి మాత్రం చూసినవాళ్ల నోటిమాటే పోస్టర్. అందుకని ఆ మాటేదో పనికొచ్చేలా చెబుదాం.

1. ముందు మీ స్క్రీన్ సంగతి చూసుకోండి

"చీకట్లో ఏమీ కనపడలేదు" అని రాసేముందు ఫోన్‌లో డేటా సేవర్ ఆన్‌లో ఉందేమో చూడండి. వీడియో క్వాలిటీ తగ్గితే మొదట దెబ్బతినేది చీకటి సీన్లే. నలుపులోని సన్నని తేడాలన్నీ పోయి తెరంతా గళ్లు గళ్లుగా కనిపిస్తుంది. అది కెమెరామన్ తప్పు కాదు. క్వాలిటీ పెంచి, గదిలో లైటు ఆపి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. తక్కువ డబ్బుతో తీసిన హారర్‌లో సగం పని శబ్దమే చేస్తుంది. కుక్కర్ విజిల్స్ మధ్య చూసి భయం వేయలేదంటే ఆ పాపం దయ్యానిది కాదు.

2. చూస్తూనే నాలుగు ముక్కలు రాసుకోండి

ఎపిసోడ్, నిమిషం, ఏమనిపించింది. అంతే చాలు. "రెండో ఎపిసోడ్, 14వ నిమిషం: బావి గిలక దానంతటదే తిరిగింది, ఒళ్లు జల్లుమంది." "నాలుగో ఎపిసోడ్, 6వ నిమిషం: వాట్సాప్ చూశాను." ఈ రెండోది చిన్నమాటలా కనిపిస్తుంది కానీ, మీ చేయి ఫోన్ వైపు ఎప్పుడు వెళ్లిందో గుర్తుపెట్టుకోవడం కంటే నిజాయితీ గల విమర్శ లేదు.

3. భయం వేరు, ముడి వేరు

హారర్ మిస్టరీ అంటే రెండు పడవల మీద కాళ్లు. ఒకటి భయపెట్టాలి, రెండోది "ఎవరు, ఎందుకు" అన్న ముడి విప్పాలి. ఒకటి కుదిరి ఇంకోటి కుదరకపోవడం మామూలే. అందుకే రెంటికీ వేరువేరుగా మార్కులు వేయండి.

2025 జూన్‌లో జీ5లో వచ్చిన 'విరాటపాలెం: పీసీ మీనా రిపోర్టింగ్' సంగతే తీసుకోండి. పెళ్లిరోజే పెళ్లికూతుళ్లు చనిపోయే ఊరు. అది శాపమా, మనిషి చేసిన పనా అని తేల్చడానికి ఒక లేడీ కానిస్టేబుల్ దిగుతుంది. ఇలాంటి కథకు ప్రాణం ముడిలో ఉంటుంది. 2022 జూలైలో ఆహాలో వచ్చిన, పల్లవి గంగిరెడ్డి దర్శకత్వం వహించిన 'అన్యాస్ ట్యుటోరియల్' దారి వేరు. అద్దె ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటూ వీడియోలు చేసే అమ్మాయికి కెమెరా ముందే ఏదో కనిపించడం మొదలవుతుంది. ఇక్కడ మొదట పట్టుకునేది భయం. రెంటినీ ఒకే తూకంలో వేస్తే రెండోదాన్ని "కథ లేదు" అనీ, మొదటిదాన్ని "దయ్యం లేదు" అనీ కొట్టిపారేస్తాం.

4. డబ్బు లేక వచ్చిన లోపమా, శ్రద్ధ లేక వచ్చిందా?

నా దృష్టిలో అసలు పని ఇదే. దయ్యం మేకప్ కాస్త తేలిపోయిందా, గ్రాఫిక్స్ పొగ అతికినట్టు లేదా, అదే కారిడార్ నాలుగుసార్లు చూపించారా? ఇవి జేబుకు సంబంధించినవి, క్షమించేయండి. పోలీసు శవాన్ని చూసి పంచనామా ఊసే ఎత్తకపోవడం, మూడో ఎపిసోడ్‌లో చచ్చిన కోడి ఐదో ఎపిసోడ్‌లో వాకిట్లో తిరగడం, చివరి పది నిమిషాల్లో ఇంతవరకు మొహమే చూపించని మనిషిని తెచ్చి "వీడే హంతకుడు" అనడం మాత్రం డబ్బుతో పోయే లోపాలు కావు. కాగితం మీద సరిదిద్దడానికి పైసా ఖర్చు కాదు. వీటిని వదలకండి.

డబ్బు లేకపోవడం భయానికి అడ్డం కాదని అమెరికన్ హారర్ సినిమా 'పారానార్మల్ యాక్టివిటీ' ఎప్పుడో తేల్చేసింది. ఓరెన్ పెలి దాన్ని సొంత ఇంట్లో, దాదాపు 15 వేల డాలర్లతో తీశాడు. పడగ్గదిలో కదలకుండా నిలబెట్టిన కెమెరా, తెరిచి ఉన్న తలుపు. మనం ఆ తలుపు వైపే చూస్తూ కూర్చుంటాం.

5. అయిపోయాక మొదటి ఎపిసోడ్ మళ్లీ తిప్పండి

పదిహేను నిమిషాలు చాలు. హంతకుడెవరో తెలిశాక అతని మొదటి సీన్ చూడండి. చూపులోనో మాటలోనో ఆనవాలు వదిలి ఉంటే రచయిత మీతో న్యాయంగా ఆడినట్టే.

6. గుట్టు విప్పకండి

పేరు చెప్పకపోతే సరిపోదు. మా పెద్దమ్మ కొడుకు ఓసారి ఫోన్ చేసి, "క్లైమాక్స్ చెప్పన్లేరా, కానీ ఆ కంపౌండర్‌ని మాత్రం కనిపెట్టుకుని ఉండు" అన్నాడు. ఆరు ఎపిసోడ్లూ నేను కంపౌండర్‌నే చూశాను. "ట్విస్ట్ అదిరింది, అస్సలు ఊహించలేరు" అన్నా అంతే, చదివినవాడు అనుమానం లేనివాణ్నే అనుమానిస్తాడు. మొదటి ఎపిసోడ్ దాటిన కథ చెప్పకుండా ఉంటే ఏ గొడవా లేదు.

7. ఇక రాయండి

ఆరేడు వాక్యాలు. ఊహించుకున్న ఒక సిరీస్ మీద ఇలా:

"ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చూశాను. మొదటి మూడు ఎపిసోడ్లు భయపెట్టాయి, ముఖ్యంగా వానలో బస్టాండ్ సీన్. దయ్యాన్ని పూర్తిగా చూపించాక భయం తగ్గింది. ముడి బాగానే వేశారు, విప్పేటప్పుడు మాత్రం పెద్ద ఫ్లాష్‌బ్యాక్ పెట్టి అంతా నోటితో చెప్పించారు. నాలుగో ఎపిసోడ్ సాగదీత. అమ్మమ్మగా వేసినావిడ కోసమైనా చూడొచ్చు. పిల్లలతో వద్దు, రక్తం ఎక్కువ."

స్టార్లు కూడా ఇవ్వాలంటే మర్నాడు పొద్దున ఇవ్వండి. రాత్రి ఒంటిగంటకు బాత్రూమ్‌కి వెళ్లాలంటే భయపడుతూ ఇచ్చిన నాలుగున్నర, కాఫీ తాగాక ఒక్కోసారి మూడవుతుంది.