ఆన్‌లైన్ పాఠాలకు గొంతు రికార్డింగ్ – 3వ పాఠం: గది, దూరం, స్థాయి

గత పాఠంలో మైకుల రకాలను చూశాము కనుక, ఈసారి ఆ మైకును ఏ గదిలో, నోటికి ఎంత దూరంలో ఉంచాలో తెలుసుకుందాము. ఎంత ఖరీదైన మైకు కొన్నా, టైల్స్ నేల, సిమెంటు గోడలు ఉన్న ఖాళీ గదిలో మాట్లాడితే గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. అందువల్ల డబ్బు ఖర్చు పెట్టే ముందు గదిని సరిచేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిన తరువాత కూడా సన్నని మోత మిగిలితే ఆ గది పాఠానికి పనికిరాదు. పరుపు, బట్టలు, పరదాలు ఉన్న పడకగది దానికన్నా ఎంతో మేలు. కార్డియాయిడ్ మైకు తన ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా అందుకుంటుంది. అది మీ ముఖాన్ని చూస్తున్నప్పుడు మీ వీపు వెనుక గోడను కూడా చూస్తున్నట్టే కనుక, ఉన్నది ఒక్క బొంతే అయితే దానిని ఆ గోడకే వేలాడదీయండి.

ఇక దూరం. నోటికీ మైకుకూ మధ్య జానెడు ఎడం చాలు. అదే మూరెడు అయితే, అంటే రెట్టింపయితే, నేరుగా చేరే గొంతు సుమారు 6 డెసిబెళ్లు తగ్గుతుంది, గది మోత మాత్రం దాదాపు అలాగే ఉండిపోతుంది. మరీ దగ్గరికి జరిగితే గొంతు బరువెక్కుతుంది. పైగా ‘ఫలితం’, ‘భాగహారం’ వంటి మాటలు పలికినప్పుడు గాలి తగిలి ‘ధబ్’మంటుంది. మైకును నోటికి సూటిగా కాక కాస్త పక్కకు జరిపి, ముఖం వైపు తిప్పి ఉంచితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

స్థాయిని పాఠం చెప్పే గొంతుతోనే, అందులోనూ మీరు ఉత్సాహంగా చెప్పే భాగంతోనే సరిచూసుకోవాలి. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్ద స్థాయిని చూపే మీటరులో శిఖరాలు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెళ్లకూ నడుమ ఉండాలి. సున్నాను తాకి చితికిన మాటను పూర్తిగా బాగుచేయడం సాధ్యం కాదు.

ఫ్యాన్ ఆపి, పాఠానికి ముందు అర నిమిషం మౌనాన్ని కూడా రికార్డు చేయండి. మిగిలిన సన్నని హోరును ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ నమూనా ఆధారంగానే తగ్గిస్తుంది. గది మోతను మాత్రం ఈ పద్ధతి తొలగించలేదు.

అభ్యాసం: ఒకే పేరాను జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి చదివి, రెండింటినీ ఒకే స్థాయికి తెచ్చి హెడ్‌ఫోన్స్‌లో వినండి. ఫైళ్లను వేవ్ (WAV) రూపంలో, 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో భద్రపరచండి. వచ్చే పాఠంలో ఎడిటింగును వాటిపైనే మొదలుపెడతాము.