కార్డు రిఫరల్ లింక్: పంపే ముందు చూసేవి, పంపాక చేసేవి

మా కుటుంబంలో ఎవరికైనా క్రెడిట్ కార్డు కావాలంటే ముందు నన్ను అడుగుతారు. అక్క, బావ, చిన్నాన్న కొడుకు, ఆఫీసులో నా పక్క సీటు స్నేహితురాలు, అందరూ నా రిఫరల్ లింక్ మీదే, అంటే మన ద్వారా ఎవరైనా కార్డు తీసుకుంటే మనకు పాయింట్లు వచ్చేలా బ్యాంకు ఇచ్చే లింక్ మీదే, కార్డు తీసుకున్నారు. ఆ రిఫరల్ పాయింట్లు నాకు బాగా పనికొచ్చాయి. అలాగని లింక్‌ని కనిపించిన ప్రతి గ్రూపులో పెట్టేయను.

ముందు నేను అడిగేది: ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టగలవా? మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసంగా కట్టాల్సిన మొత్తం) మాత్రమే కట్టి నెట్టుకొచ్చే వాళ్లకు, ఎంత దగ్గరివాళ్లైనా సరే, నేను లింక్ ఇవ్వను. ఖర్చు మీద 1 శాతం విలువ చేసే పాయింట్లు వస్తాయనుకోండి, బాకీ మీద వడ్డీ నెలకు 3 శాతం అనుకోండి. ఒక్క నెల బాకీ ఉంచినా పాయింట్లుగా వచ్చినదానికి మూడింతలు వడ్డీగా పోతుంది. నాకు నాలుగు పాయింట్లు రావడం కోసం మా వాళ్లను అందులోకి దింపడం నాకు ఇష్టం లేదు.

తర్వాత, దగ్గర్లో ఏదైనా లోన్ తీసుకునే ఆలోచన ఉందా అని అడుగుతాను. కార్డుకి అప్లై చేయగానే బ్యాంకు వాళ్ల క్రెడిట్ రిపోర్ట్ (అప్పుల చరిత్ర) తెప్పించుకుంటుంది, దాన్నే ఎంక్వైరీ అంటారు. దానివల్ల క్రెడిట్ స్కోరు కొంత తగ్గొచ్చు. కార్డు రాకపోయినా ఆ ఎంక్వైరీ రిపోర్టులో ఉండిపోతుంది. బావ ఇంటి లోన్ పనిలో ఉన్నప్పుడు, అది చేతికొచ్చేదాకా కార్డు మాట ఎత్తొద్దన్నాను.

అదే బ్యాంకు కార్డు వాళ్ల దగ్గర ఇప్పటికే ఉందేమో కూడా కనుక్కోండి. చాలా చోట్ల కొత్త కస్టమర్లకే రిఫరల్ వర్తిస్తుంది. మీ కార్డు మీద యాడ్-ఆన్ కార్డు (మీ ఖాతాకే ముడిపడి ఇంట్లోవాళ్లకు ఇచ్చే అదనపు కార్డు) ఇప్పిస్తే అది మామూలుగా రిఫరల్ కింద లెక్కకు రాదు.

ఇక ఆఫర్. మీ లింక్‌లో కనిపించే వెల్‌కమ్ బోనస్ (కొత్తగా కార్డు తీసుకున్నవాళ్లకు ఇచ్చేది), బ్యాంకు సైట్లో నేరుగా కనిపించే బోనస్ ఒక్కోసారి వేరుగా ఉంటాయి. రెండూ పక్కపక్కన తెరిచి చూడండి. సైట్లో ఉన్నదే మేలైతే దాన్నే తీసుకోమని చెప్పండి. అక్క విషయంలో నేను అలాగే చెప్పాను. ఆమె రెండో కార్డు నా లింక్ మీద తీసుకుంది. బోనస్ రావాలంటే ఎంత ఖర్చు పెట్టాలి, ఎన్నాళ్లలోపు పెట్టాలి, వార్షిక రుసుము ఎంత అన్నవి కూడా వాళ్లకు ముందే చూపించండి. మామూలు ఇంటిఖర్చుతో ఆ మొత్తం చేరకపోతే ఆ కార్డు వాళ్లకు సరిపోదు.

లింక్ సాధారణంగా బ్యాంకు యాప్‌లో ‘రిఫర్’ అనో ‘ఇన్వైట్’ అనో ఉండే చోట దొరుకుతుంది. ఏడాదికి ఎన్ని పాయింట్ల వరకు ఇస్తారో అక్కడి నిబంధనల్లోనే ఉంటుంది, పరిమితి దాటాక పంపినా మీకేమీ రాదు. పాయింట్లు ఎక్కువగా పోయేది మాత్రం అప్లై చేసేటప్పుడే. లింక్ నొక్కి పేజీ చూసి, ‘రేపు చేద్దాంలే’ అని మూసేసి, మర్నాడు నేరుగా బ్యాంకు సైట్‌కి వెళ్లి అప్లై చేస్తారు. అలా చేస్తే అది మీ ఖాతాలోకి రాకపోవచ్చు. బ్రాంచిలోనో ఫోన్లోనో అప్లై చేసినా అంతే. అందుకే కాగితాలన్నీ దగ్గర పెట్టుకుని, యాడ్ బ్లాకర్ ఆపి, లింక్ తెరిచి ఒకేసారి పూర్తిచేయమని చెబుతాను. ఆగిపోతే మళ్లీ అదే లింక్ నుంచి మొదలుపెట్టాలి.

ఫారం వాళ్ల ఫోన్లో వాళ్లే నింపాలి. సాయం చేయాలనిపిస్తే పక్కన కూర్చోండి, అంతేగానీ మీ నంబరో మీ ఈమెయిలో అందులో ఇవ్వకండి. ఓటీపీ చెప్పమని అడగకండి, వాళ్లు చెప్పబోయినా వద్దనండి. మీ లింక్‌తో మీరే అప్లై చేసుకోవడం, నిబంధనలు వద్దన్న చోట లింక్‌ని బహిరంగంగా పెట్టడం లాంటివి చేస్తే వచ్చిన పాయింట్లు కూడా బ్యాంకు వెనక్కి తీసుకోవచ్చు.

ఆఫర్ పేజీ స్క్రీన్‌షాట్, అప్లై చేసిన తేదీ, కార్డు మంజూరైన తేదీ రాసి ఉంచుకోండి. కొన్ని బ్యాంకులు కార్డు మంజూరు కాగానే పాయింట్లు లెక్కిస్తాయి, కొన్ని మొదటి ఖర్చు దాకా ఆగుతాయి. చెప్పిన గడువు దాటినా పడకపోతే ఆ స్క్రీన్‌షాట్‌తో కస్టమర్ కేర్‌కి రాయండి. ఒకసారి నాకు పాయింట్లు అలా రాసిన తర్వాతే పడ్డాయి.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. ఉదాహరణకు అమెరికాలో ఖర్చు మీద వచ్చే పాయింట్లను తగ్గింపు కింద చూస్తారు, రిఫరల్ బోనస్‌ని మాత్రం ఆదాయంగా లెక్కిస్తారు. మీరున్న చోట పద్ధతి ఏమిటో కనుక్కోండి. పాయింట్లు పడిన కార్డును ఎప్పుడైనా మూసేయాలనుకుంటే ముందు వాటిని వాడేయండి. చాలా బ్యాంకుల్లో కార్డుతోపాటు అవీ పోతాయి.