కిటికీకి ప్లాస్టిక్ ఫిల్మ్ బిగించి చలిగాలిని ఆపడం ఎలా

చలికాలంలో అన్నీ మూసుకుని కూర్చున్నా కిటికీ వైపు నుంచి మెడకి చల్లగా తగులుతూనే ఉంటుంది. దీనికి రెండు కారణాలు. రెక్కకీ ఫ్రేముకీ మధ్య సందుల్లోంచి బయటి గాలి దూరడం ఒకటి. రెండోది చాలామందికి తట్టదు: గదిలోని వెచ్చటి గాలి అద్దానికి తగిలి చల్లబడుతుంది, బరువెక్కి కిందికి జారుతుంది, అందుకే ఒక్క సందు లేకపోయినా గాలి వీస్తున్నట్టే ఉంటుంది. లోపలివైపు ఫ్రేముకి, వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ బిగిస్తే రెండూ తగ్గుతాయి.

ఫిల్మ్ ఉల్లిపొరంత పల్చన, దానంతట అది ఆపే చలి తక్కువే. అద్దానికీ ఫిల్ముకీ మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలే అసలు పని చేస్తుంది. గాజుతో పోలిస్తే కదలని గాలిలోంచి వేడి పోయేది దాదాపు 40వ వంతే. ఆ ఖాళీ 1-2 సెంటీమీటర్లు ఉంటే బాగుంటుంది. ఒంటి అద్దం కిటికీలకైతే తేడా బాగా తెలుస్తుంది. కానీ అంచు ఒక్కచోట ఊడినా లోపలి గాలి కదలడం మొదలవుతుంది, పడ్డ కష్టమంతా వృథా. అందుకే నేను సగం టైము అంచుల మీదే పెడతాను.

ముందు గాలి ఎక్కడ నుంచి వస్తోందో చూడండి. గాలి వీచే రోజున అగరువత్తి వెలిగించి కిటికీ చుట్టూ నెమ్మదిగా తిప్పితే పొగ ఎక్కడ వంగుతుందో అక్కడే సందు. కర్టెన్‌కి దూరంగా పట్టుకోండి. గోడకీ ఫ్రేముకీ మధ్య నుంచి వస్తుంటే దానికి ఫిల్మ్ పనికిరాదు, ఆ సందుని సీలెంట్‌తో పూడ్చాలి. చెక్క చెమ్మగా ఉంటే ఆరేదాకా ఆగండి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. మంటలు అంటుకుంటే బయటపడడానికి ఉన్న కిటికీని మూయొద్దు. పొగ గొట్టం లేని గ్యాస్ హీటరో కిరోసిన్ హీటరో వెలిగే గదిలో అసలు ఈ పని పెట్టుకోవద్దు, వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసనా రంగూ ఉండవు, ప్రాణం మీదికి వచ్చేదాకా తెలియదు.

ఇక ఫ్రేము శుభ్రం చేయడం. సబ్బునీళ్ళతో తుడిచి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో ఇంకోసారి తుడవాలి. మొదటిసారి నేను పొడిగుడ్డతో దులిపి సరిపెట్టాను. నాలుగు రోజులకే కింది మూల ఊడొచ్చింది, చూస్తే టేపు వెనక ఫ్రేము రంగు పెచ్చులు అతుక్కుని ఉన్నాయి! టేపు అంటుకుంది పెచ్చుకి, చెక్కకి కాదు. రంగు లేస్తుంటే ముందే గీకేయండి.

రెండువైపులా అంటుకునే టేపుని నాలుగు వైపులా వేసి, మూలల్లో వెంట్రుక వాసి సందు కూడా లేకుండా కలిపి, బొటనవేలితో గట్టిగా రుద్దండి. పైకాగితం అప్పుడే తీయకండి. ఎంతసేపు ఆగాలో ప్యాకెట్ మీద రాసి ఉంటే అంతసేపూ ఆగండి. ఫిల్ముని ప్రతి వైపూ 5 సెంటీమీటర్లు ఎక్కువ వచ్చేలా కత్తిరించండి. ముందు పై అంచు కాగితం మాత్రమే తీసి ఫిల్ముని అతికించి, తర్వాత పక్కలు, చివర్న కింది వైపు. ఇంకొకరు పట్టుకుంటే చాలా తేలిక, ఒక్కరే చేస్తే ఫిల్మ్ చేతికీ దానికదే కూడా చుట్టుకుంటుంది. ముడతలు ఉన్నా టెన్షన్ పడకండి.

వాటి సంగతి హెయిర్ డ్రయ్యర్ చూసుకుంటుంది. ఎక్కువ వేడిలో పెట్టి, ఫిల్ముకి మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, ఒక మూల నుంచి మొదలుపెట్టి ఎక్కడా ఆపకుండా తిప్పుతూ పోండి. ముందు కాస్త వదులై అలల్లా కదులుతుంది, మరుక్షణం ముడతలు ఒక్కొక్కటే లోపలికి లాక్కుపోయి చదునవుతాయి, కాసేపటికి వేలితో మీటితే డప్పులా మోగుతుంది. డ్రయ్యర్ తగిలిందో, ఒకేచోట ఆగిందో, బొక్క పడుతుంది. చిన్నదైతే పైన పారదర్శక టేపు వేస్తే చాలు. మిగిలిన అంచుని బ్లేడుతో కోసేది పూర్తిగా బిగుసుకున్నాకే, ముందే కోస్తే ముడుచుకునేటప్పుడు టేపు మీంచి జారిపోతుంది.

తర్వాత రెండు గుర్తులు గమనించండి. గాలి వీచినప్పుడు ఫిల్మ్ గదిలోకి ఉబ్బుతుంటే రెక్క సందులు ఇంకా ఉన్నట్టు. అద్దం మీద లోపలివైపు నీటి చుక్కలు కడుతుంటే చాలావరకు గదిలోని తేమగాలి ఫిల్మ్ అంచు నుంచి దూరుతోందన్నమాట. ఊడిన చోటు వెతికి నొక్కండి, అయినా తగ్గకపోతే విప్పి, ఆరబెట్టి, కొత్తది వేయడమే మంచిది, లేకపోతే చెక్క పాడవుతుంది.

చలి పోయాక తీసేటప్పుడు టేపుని డ్రయ్యర్‌తో కాస్త వెచ్చబెట్టి, ఫ్రేము వెంబడే నెమ్మదిగా లాగండి, రంగు లేవదు. మిగిలిన జిగురు ఆల్కహాల్ గుడ్డతో పోతుంది. ఫిల్మ్ ముడుచుకుపోయి ఉంటుంది కాబట్టి మళ్ళీ వాడలేం.