పెరుగు, నిమ్మ, చింతపండు: కైరల్ కార్బన్‌ని పట్టుకోవడం ఎలా?

ఆప్టికల్ ఐసోమెరిజం (అవే గ్రూపులు, అవే బంధాలు ఉన్నా అమరికలో తేడాతో వేర్వేరు రూపాలు, అంటే ఐసోమర్లు, ఉండటం) అనగానే ఇంటర్ పిల్లలు 2 పవర్ ఎన్ ఫార్ములా అందుకుంటారు: ఎన్ అంటే కైరల్ కార్బన్ల సంఖ్య, వచ్చేది ఐసోమర్ల సంఖ్య. నా ట్యూషన్‌లో దాన్ని ఆఖరున గానీ బోర్డెక్కించను. ముందు కైరల్ కార్బన్‌ని, అంటే నాలుగు వేర్వేరు గ్రూపులు అంటుకున్న కార్బన్‌ని, చూడటం రావాలి.

పెరుగులో ఉండే లాక్టిక్ ఆమ్లంతో మొదలుపెట్టండి. నిర్మాణం, CH3–CH(OH)–COOH, గీసుకుని ఒక్కో కార్బన్ దగ్గర ఆగండి. మిథైల్ కార్బన్‌కి మూడు హైడ్రోజన్లు, కాబట్టి కాదు. కార్బాక్సిల్ కార్బన్‌కి డబుల్ బాండ్, అదీ కాదు. మధ్యదానికి హైడ్రోజన్, హైడ్రాక్సిల్, మిథైల్, కార్బాక్సిల్: నాలుగూ వేరు. అదే కైరల్ కార్బన్.

ఇప్పుడు చపాతీ పిండి ముద్దకి నాలుగు అగ్గిపుల్లలు గుచ్చండి. ఒకటి నిట్టనిలువుగా, మూడు ముక్కాలిపీట కాళ్లలా కిందికి. చివర్లకి ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ రంగులు పూయండి. అచ్చం అలాంటిదే ఇంకోటి చేసి, అందులో ఏవైనా రెండు పుల్లల చోట్లు మార్చండి. ఇక ఎటు తిప్పినా, రెండు రంగులు కలిస్తే మిగతా రెండూ తారుమారవుతాయి. రెండు ముద్దల్లోనూ ఎరుపుని నీలంగా మార్చేసి చూడండి, ఇట్టే కలిసిపోతాయి: నాలుగూ వేరైతేనే రెండు రూపాలు. ఈ పని చేతులతో చేయాల్సిందే, బొమ్మ చూస్తే సరిపోదు.

మార్కులు పోయేది ఎక్కడంటే, పక్క పరమాణువునే చూసి వదిలేయడం వల్ల. 2-మిథైల్ బ్యుటనోయిక్ ఆమ్లంలో రెండో కార్బన్‌కి మూడు వైపులా కార్బన్లే. కానీ అవి మిథైల్, ఇథైల్, కార్బాక్సిల్, అంటే వేర్వేరు గ్రూపులు. కాబట్టి అది కైరలే. నిమ్మరసంలోని సిట్రిక్ ఆమ్లం చూడటానికి ఎంతో క్లిష్టం, కానీ మధ్య కార్బన్‌కి అటూ ఇటూ ఒకే గ్రూపు. అందులో కైరల్ కార్బనే లేదు.

చింతపండులోని టార్టారిక్ ఆమ్లానికి రెండు కైరల్ కార్బన్లు. ఫార్ములా ప్రకారం నాలుగు రావాలి, ఉన్నవి మూడే: ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) కుడికి తిప్పే ప్లస్, ఎడమకి తిప్పే మైనస్, అసలు తిప్పని మీసో. రెండు కార్బన్లకీ అవే నాలుగు గ్రూపులు కావడంతో, మీసోలో సగం తిప్పింది మిగతా సగం రద్దు చేస్తుంది. చింతపండులో దొరికేది ప్లస్ రూపం. 1848లో పారిస్‌లో లూయీ పాశ్చర్, ప్లస్ మైనస్ సమంగా కలిసిన ఆమ్లం తాలూకు సోడియం అమ్మోనియం లవణ స్ఫటికాలను ఒక్కొక్కటే ఏరి రెండు కుప్పలు పెట్టాడు. ఒక కుప్ప ద్రావణం ధ్రువిత కాంతిని కుడికి, రెండోది ఎడమకి తిప్పింది. ఈ ఘట్టం చెప్పకుండా నేను పాఠం ముగించను.

ఇక యాపిల్‌లోని మాలిక్ ఆమ్లం మీరే చేయండి. రెండు ఐసోమర్లు రావాలి. నాలుగు వచ్చాయంటే, రెండు హైడ్రోజన్లున్న కార్బన్‌ని కూడా లెక్కలో వేసేశారన్నమాట.