రికార్డులు తెచ్చుకోండి, ప్లేయరు అక్కడే ఉంచండి

నాన్నగారి రికార్డ్ ప్లేయరును బట్టల మధ్య చుట్టి అమెరికా తెచ్చుకోవడం, ట్రాన్స్‌ఫార్మరు కొనడం, పాట మొదలవగానే ఘంటసాల గొంతు చిన్నపిల్లాడి గొంతులా ఉందేమిటని తల పట్టుకోవడం. ఏటా ఎవరో ఒకరు ఇదే చేస్తారు. మొన్న ఒకాయన, ట్రాన్స్‌ఫార్మరే పాడయిందేమోనని రెండోది కూడా కొన్నారు. బ్యాంకు ఖాతా, సోషల్ సెక్యూరిటీ నంబరు, క్రెడిట్ కార్డుల సంగతి ఇంకెవరైనా చెబుతారు. ఇక్కడ ఈ గొడవ ఒక్కటే.

ఇండియాలో కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మరు మొదటి అంకెను సరిచేస్తుంది, రెండోదాని జోలికి పోదు. పాత బెల్టు ప్లేయర్లలో చాలావాటికి ఉండేది సింక్రనస్ మోటారు. దాని వేగం వోల్టేజీని బట్టి కాదు, హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది. 50కి కట్టిన మోటారుకు 60 ఇస్తే ఐదో వంతు ఎక్కువ తిరుగుతుంది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం 40 తిరుగుతుంది. సంగీతం తెలిసినవాళ్లకు ఇంకోలా చెప్పొచ్చు: ఒకటిన్నర శ్రుతిలో పాడిన పాట మూడు శ్రుతి దాటి వినిపిస్తుంది. హార్మోనియం మీద మూడు మెట్లు పైకి, ఆపైన ఇంకొంచెం. తాళం ఎటూ పరిగెడుతుంది.

అనుమానం ఉంటే ఇలా తేల్చుకోండి. పళ్లెం అంచున చిన్న కాగితం ముక్క అంటించి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చుట్లు లెక్కపెట్టండి. 33⅓ మీద మూడు నిమిషాలకు సరిగ్గా 100 రావాలి. 120 వచ్చాయా, మోటారు తప్పూ లేదు, ట్రాన్స్‌ఫార్మరు తప్పూ లేదు. వేగం సర్దే పిచ్ లివరు కిందికి లాగి సర్దుకుందామంటే మామూలుగా దానికుండేది 8 శాతం. మీరు తగ్గించాల్సింది దాదాపు 17.

బయల్దేరకముందే ప్లేయరు వెనకో కిందో ఉండే రేకు చదవండి. 50 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే వదిలేయండి. 50/60 అని ఉన్నా వెంటనే సంబరపడొద్దు. కొన్నింటిలో దానర్థం మోటారుకు ప్రమాదం లేదని మాత్రమే. వేగం కుదరాలంటే మోటారు మొనన ఉండే చిన్న గిలక మార్చాలి. 60కి వేసే గిలక 50దానికంటే సన్నగా, ఆరింట ఐదు వంతుల అడ్డుకొలతతో ఉంటుంది. పాత మోడళ్లకు అది దొరకడం మీ అదృష్టం. డీసీ అడాప్టరుతో నడిచేవాటికీ, బెల్టు లేకుండా మోటారే పళ్లాన్ని తిప్పే క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ వాటికీ ఈ బెడద లేదు, వోల్టేజీ ఒక్కటి చూసుకుంటే చాలు. లండన్, సిడ్నీ, దుబాయ్ వెళ్లేవాళ్లు నిశ్చింతగా ఉండొచ్చు, అక్కడా 50 హెర్ట్జే. కెనడా అమెరికా లెక్కే. సౌదీలో వోల్టేజీ మనదే అయినా హెర్ట్జ్ 60, అక్కడా దెబ్బతింటారు.

కాబట్టి ప్లేయరు ఇక్కడే కొనండి. కౌంటర్‌వెయిట్ (ముల్లు పట్టే ఆర్మ్ వెనక బరువు) తిప్పి ముల్లు బరువు మార్చుకునేలా ఉండాలి, కార్ట్రిడ్జ్‌తో సహా హెడ్‌షెల్ (ముల్లున్న కార్ట్రిడ్జ్‌ను పట్టే ఆర్మ్ కొన) ఊడదీసేలా ఉండాలి, పాత ప్లేట్లు ఉంటే 78 వేగం ఉండాలి. కొత్తవాటిలో చాలావాటికి 33, 45 తప్ప ఇంకేమీ ఉండవు. ఆడియో టెక్నికా ఎల్‌పీ120 రకంలో ఈ మూడూ ఉన్నాయి. ముద్దుగా ఉంటాయని సూట్‌కేసు ఆకారపు ప్లేయర్లు కొంటారు; చాలావాటిలో ముల్లు బరువు మార్చే వీలే ఉండదు, ఎంతుంటే అంతే.

ఇక ప్రయాణం. అట్టతో కలిపి ఎల్‌పీ (33⅓ వేగపు పెద్ద రికార్డు) ఒక్కోటి రమారమి 230 గ్రాములు. క్యాబిన్ బ్యాగుకు 7 కిలోలు ఇచ్చారనుకుంటే, బ్యాగు బరువే రెండున్నర పోగా మిగిలినదాంట్లో పట్టేవి 19. ఆ 19 ఏవో ముందే తేల్చుకోండి, ఎయిర్‌పోర్టు కౌంటరు ముందు కాదు. అట్ట 31.5 సెంటీమీటర్లుంటుంది. బ్యాగు వెడల్పు బయట 35 అని రాసి ఉంటే లోపల అంత ఉండదు, టేపు పెట్టి కొలవండి. హ్యాండిల్ కడ్డీలు లోపల గట్టుల్లా తేలి ఉంటాయి. వాటిమీద నేరుగా రికార్డు ఆనితే పదహారు గంటలకు వంగుతుంది, మధ్యలో గట్టి అట్ట వేయండి. ఎక్స్‌రే వల్ల రికార్డులకు ఏమీ కాదు, ఆ భయం మానండి.

చెక్-ఇన్‌లో వేయక తప్పకపోతే, ముందు రికార్డును అట్టలోంచి బయటికి తీయండి. లోపలి కవరుతో సహా తీసి అట్ట వెనక పెట్టి, రెంటికీ కలిపి బయట పాలిథిన్ కవరు తొడగండి. లోపలే ఉంచితే పెట్టె పడ్డ ప్రతిసారీ రికార్డు అంచు అట్ట అడుగు కుట్టును చాకులా కోస్తుంది. కట్టకు 25 మించొద్దు, అదే ఆరు కిలోలు. కట్టకు అటూ ఇటూ 33 సెంటీమీటర్ల చదరం ప్లైవుడ్ ముక్కలు, 4 మిల్లీమీటర్ల మందం చాలు. లోపల జారకూడదు, అలాగని వంగేలా బిగించకూడదు. చుట్టూ నాలుగు వేళ్ల మందాన తువ్వాళ్లు, దుప్పట్లు. ఎల్‌పీల మధ్య ఈపీలు అనే చిన్న రికార్డులు దూర్చకండి. ఈపీ లేని చోట ఖాళీ ఏర్పడి, పక్కనున్న ఎల్‌పీ అక్కడికే వంగుతుంది. ఆవకాయ డబ్బా ఇంకో పెట్టెలో. నూనె అంటిన ఎల్‌పీ ప్లాస్టిక్, అంటే వైనల్‌ను కడగొచ్చు, అట్టను కడగలేం.

78 ప్లేట్ల సంగతి వేరు. అవి వైనల్ కాదు, లక్క. వైనల్ వంగుతుంది, లక్క పెళుక్కున విరుగుతుంది. చెక్-ఇన్‌లో అసలు వేయొద్దు. ఒక్కో ప్లేటుకు మధ్య గట్టి అట్ట పెట్టి, పదేసి కట్టలు కట్టి, నిలబెట్టి చేతిలోనే తెచ్చుకోండి. తాతగారి పెట్టెలో మరీ పాతవి ఉంటే ఇంకో మాట: మన దేశంలో రికార్డింగు 1902లోనే మొదలైంది, వందేళ్లు దాటిన వస్తువులను దేశం దాటించడం మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఆంక్షలు పెడుతుంది. అలాంటివి ఇంట్లోనే ఉండనివ్వండి.

మూడు నాలుగు వందలుంటే ఓడ తప్ప దారి లేదు. ఎండాకాలం పంపకండి. రేవులో ఎండకు నిలబడ్డ కంటైనరు లోపల 60 డిగ్రీలు దాటొచ్చు, వైనల్ మెత్తబడేది ఆ దరిదాపుల్లోనే. ఇక్కడ జూలైలో కారు డిక్కీలో మర్చిపోయినా అదే గతి. డల్లాస్‌వాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. చలికాలం అందిన డబ్బాను మాత్రం ఒక రోజంతా గదిలో అలాగే ఉంచి విప్పండి, లేకపోతే లోపల నీరు పడుతుంది.

కోస్తా జిల్లాల రికార్డులకు బూజు మామూలే. అక్కడే కడిగి నీడన ఆరబెట్టి తీసుకురండి. లీటరు డిస్టిల్డ్ వాటరుకు 150 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, రెండు చుక్కల గిన్నెల సబ్బు. మెత్తటి గుడ్డతో గాడి వెంబడి గుండ్రంగా తుడిచి, ఉత్త డిస్టిల్డ్ నీళ్లతో మళ్లీ కడగండి. లేబులు తడవనివ్వకండి. ఇది వైనల్‌కి మాత్రమే. లక్క ప్లేటు మీద ఆల్కహాల్ చుక్క పడితే లక్క కరుగుతుంది, పాటా కరుగుతుంది. మళ్లీ చెబుతున్నా, లక్కకి సబ్బునీళ్లే, అదీ నానబెట్టకుండా.

ప్లేయరు బిగించేటప్పుడు మొదట బల్ల మట్టం చూడండి. తాపీమేస్త్రీ రసమట్టం ఉంటే మేలు, ఫోన్లోదైనా ఫరవాలేదు. బెల్టు, పళ్లెం, హెడ్‌షెల్ పెట్టడం పుస్తకంలో ఉంటుంది, చదవండి. తప్పేది ఆ తర్వాత. యాంటీస్కేట్ (ఆర్మ్ లోపలికి లాగుకుపోకుండా ఆపే అమరిక) సున్నాలో పెట్టి, ముల్లు మూత తీసి, ఆర్మ్ త్రాసు కర్రలా గాలిలో తేలేదాకా వెనక బరువు తిప్పండి. తేలాక బరువును కదపకుండా దాని ముందున్న అంకెల చుట్టును మాత్రమే సున్నాకి తేవాలి. చాలామంది బరువు కూడా కదిపేస్తారు, దాంతో మొత్తం లెక్క తప్పు. ఇప్పుడు రెండూ కలిపి కార్ట్రిడ్జ్ కాగితంలో రాసిన బరువుకు తిప్పండి. ఏటీ-వీఎం95ఈ కార్ట్రిడ్జ్ అయితే 2 గ్రాములు. యాంటీస్కేట్ కూడా 2. చుట్టు మీది అంకెను నమ్మకుండా ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు కొనండి. ఆ త్రాసు నిజం చెబుతోందా అని ఇక్కడి నికెల్ నాణెం వేసి చూడండి, సరిగ్గా 5 గ్రాములుండాలి.

ముల్లు జారుతోందని హెడ్‌షెల్ మీద రూపాయి బిళ్ల పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. అది మానండి బాబూ. ముల్లు మీద ధూళి, మట్టం తప్పిన బల్ల, అరిగిన ముల్లు, ఈ మూడింట్లో ఏదో ఒకటి కారణం. బిళ్ల పెడితే జారడం ఆగుతుంది, గాడి చెడుతుంది.

ఎల్‌పీ ముల్లుతో 78 ప్లేటు వాయించకండి. ఎల్‌పీ ముల్లు కొన 0.7 మిల్ (మిల్ అంటే అంగుళంలో వెయ్యో వంతు), అంటే 18 మైక్రాన్లు. ప్లేటు గాడికి 3 మిల్ కావాలి. సన్నముల్లు గాడి అడుగున దొర్లుతూ చెత్తనంతా వినిపిస్తుంది, తానూ అరుగుతుంది. వీఎం95 కార్ట్రిడ్జ్‌కే వీఎం95ఎస్పీ అని 78 ముల్లు దొరుకుతుంది, ఊడదీసి తొడగడమే. దానికి బరువు 5 గ్రాములు, అంటే ఆ నికెల్ నాణెమంత. తిరిగి ఎల్‌పీకి వచ్చినప్పుడు 2కి తగ్గించడం మర్చిపోతే మీ ఇష్టం.

పాట సన్నగా, బేస్ లేకుండా వస్తే ముల్లు సంకేతాన్ని పెంచే ఫోనో ప్రీఆంప్ లేదు. అరుస్తూ చీలిపోతుంటే రెండు ప్రీఆంప్‌లు పడ్డాయి, ప్లేయరు వెనక స్విచ్చు ‘లైన్’లో ఉండగా తీగ ఆంప్లిఫయరు ఫోనో గుంటలో పెట్టారు. గుయ్ మంటుంటే గ్రౌండ్ తీగ చూడండి. ఇక్కడి అపార్టుమెంట్లలో నేల చెక్కది, పక్కగదిలో పిల్లలు గెంతితే ముల్లు ఎగురుతుంది. గోడకు దగ్గరగా, బరువైన బల్ల మీద పెట్టండి. స్పీకర్లు ఆ బల్ల మీదే పెడితే వాల్యూమ్ పెంచగానే ఊళ పెడతాయి. రికార్డులు సర్దడానికి అందరూ కొనేది ఐకియా కల్లాక్స్. గడి 33 సెంటీమీటర్లు, ఎల్‌పీ భేషుగ్గా పడుతుంది. ఒక్కో అర మోసేది 13 కిలోలని కంపెనీయే చెబుతోంది, 55 దాటకండి. హీటరు గాలి తగిలే మూల వద్దు.

జనవరిలో హీటర్ల వల్ల గది గాలి ఎండిపోయి, రికార్డు తీస్తుంటేనే వెంట్రుకలు లేస్తాయి, పాటంతా చిటపటలాడుతుంది. రికార్డు పాడైందని కంగారుపడి మళ్లీ మళ్లీ కడిగేవాళ్లున్నారు. అది స్టాటిక్. గదిలో హ్యూమిడిఫయరు, కార్బన్ ఫైబర్ బ్రష్ చాలు.

ఇంతా చదివి, ఎందుకొచ్చిన గొడవ, యూట్యూబ్‌లో విందాం అనుకుంటున్నారా? సరే, చెప్పక తప్పదు: అంత భయం అక్కర్లేదు. వైనల్ మొండిది. కాకినాడ ఉప్పుగాలికి బీరువా పైన నలభై ఏళ్లు పడి ఉన్నది, పద్ధతిగా కడితే ఒక్క ప్రయాణానికి చావదు. బూజు పోతుంది, స్టాటిక్ మార్చికి పోతుంది, వేగం తప్పినా గాడికి దెబ్బ లేదు. బిగింపు కూడా మొదటిసారి గంటన్నర పడుతుంది, రెండోసారి పది నిమిషాలు.

మొదటి రోజు మాత్రం నాన్నగారికి ఇష్టమైనది తీయకండి. ఇక్కడి పాత సామాన్ల కొట్టులో డాలరుకు దొరికేదొకటి తెచ్చి ఒక వైపు పూర్తిగా వాయించండి. అయ్యాక ముల్లు కొన చూడండి. బూడిదరంగు నూగు చేరి ఉంటే వెనక నుంచి ముందుకు ఒక్కసారి బ్రష్‌తో లాగి, త్రాసు మీద బరువు మళ్లీ చూసి, అప్పుడు ఆయన పెట్టె విప్పండి.