ఇంక్‌జెట్ ఫోటో ప్రింటర్‌లో రంగులు తేడాగా వస్తుంటే వారంటీ సర్వీసుకు దరఖాస్తు చేసుకునే విధానం

ప్రింటర్‌లో ఫోటోల రంగులు సరిగ్గా రావడం లేదని తయారీ సంస్థ అధీకృత సర్వీసు కేంద్రానికి దరఖాస్తు పెట్టేవారిలో చాలామంది, సమస్య వివరాల గడిలో ‘రంగులు బాగా రావడం లేదు’ అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ ముక్క వల్ల మెకానిక్‌కు తెలిసేది ఏమీ ఉండదు. ముఖాలు ఆకుపచ్చగా కనిపించడానికి ప్రింట్ హెడ్‌లో, అంటే కాగితం మీద ఇంక్ చిమ్మే భాగంలో, ఇంక్ గడ్డకట్టడం కారణం కావచ్చు, కార్ట్‌రిడ్జ్ ఖాళీ కావడం కావచ్చు, లేదా కంప్యూటర్‌లో ఒక సెట్టింగు తప్పుగా ఉండడం కావచ్చు. వీటిలో చివరిదానికి సర్వీసు కేంద్రం చేయగలిగింది లేదు; ప్రింటర్‌ను మోసుకెళ్లి, రోజుల తరబడి ఎదురుచూసి, ‘లోపం కనబడలేదు’ అన్న చీటీతో తిరిగి తెచ్చుకోవలసి వస్తుంది. అందుకే దరఖాస్తు నింపే ముందు లోపం యంత్రానిదా, మన అమరికదా అన్నది తేల్చుకోవాలి.

దానికి నాజిల్ చెక్‌ను, అంటే హెడ్‌లోని సన్నని ఇంక్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో చూపే ప్రింటును, మించిన పరీక్ష లేదు. ప్రింటర్ మెనూలోని మెయింటెనెన్స్ విభాగం నుంచి దీన్ని మామూలు తెల్ల కాగితం మీద తీయవచ్చు. ఒక్కొక్క ఇంక్‌కు ఒక్కొక్క గళ్ల నమూనా గాని రంగు పట్టీ గాని పడుతుంది. సన్నని గీతలన్నీ తెగకుండా ఉంటే హెడ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. మెజెంటా (ముదురు గులాబీ రంగు) గళ్లలో మెట్లమెట్లుగా ఖాళీలు కనిపిస్తే ఆ రంగు కాగితానికి చేరడం లేదని అర్థం. మెజెంటా తగ్గితే ఫోటో ఆకుపచ్చ వైపు, సయాన్ (ఆకుపచ్చ కలిసిన లేత నీలం) తగ్గితే ఎరుపు వైపు, పసుపు తగ్గితే నీలం వైపు మొగ్గుతుంది. పసుపు గీతలు తెల్ల కాగితం మీద కంటికి సరిగా ఆనవు, ఈ కారణంగానే పసుపు లోపాన్ని చాలామంది గమనించకుండా దాటిపోతారు. ఆ కాగితాన్ని పారదర్శకమైన నీలి ప్లాస్టిక్ రేకు గుండా చూస్తే పసుపు గీతలు నల్లగా తేలి, ఎక్కడ తెగాయో స్పష్టంగా కనబడతాయి.

గీతలు తెగి ఉంటే అదే మెయింటెనెన్స్ విభాగంలోని హెడ్ క్లీనింగ్ ఒకసారి చేసి మళ్లీ నాజిల్ చెక్ తీయాలి. రెండు మూడు సార్లకు మించి వరుసగా చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. ప్రతి క్లీనింగూ ఇంక్‌ను పీల్చి లోపలి వ్యర్థ ఇంక్ ప్యాడ్‌లోకి పంపుతుంది కాబట్టి, పదే పదే చేస్తే కార్ట్‌రిడ్జ్‌లు ఖాళీ అవుతాయి, ప్యాడ్ నిండిపోతుంది, గడ్డ మాత్రం అలాగే ఉండవచ్చు. ప్రింటర్‌ను ఆపి రాత్రంతా వదిలేసి మర్నాడు ఇంకొక్కసారి ప్రయత్నించడం మేలు. గట్టిపడిన ఇంక్ ఆ వ్యవధిలో మెత్తబడే అవకాశం ఉంటుంది. కొత్త కార్ట్‌రిడ్జ్ వేసిన తర్వాతే రంగు మాయమైతే, గాలి రంధ్రం మీది టేపు తీశారో లేదో ముందుగా చూడండి. టేపు ఉండిపోతే మొదటి కొన్ని ఫోటోలు బాగానే వచ్చి, ఆ తర్వాత రంగు క్రమంగా ఎండిపోతుంది.

నాజిల్ చెక్ నిండుగా వచ్చినా ఫోటో మాత్రం తేడాగా ఉంటే, అనుమానించవలసింది యంత్రాన్ని కాదు. నిగనిగలాడే ఫోటో పేపర్ పెట్టి, కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామ్ అయిన డ్రైవర్‌లో ‘ప్లెయిన్ పేపర్’ అని వదిలేస్తే ఇంక్ మోతాదు మారిపోయి రంగులు వెలవెలబోతాయి, లేదా తడిసినట్టు మరకలు కడతాయి. ఇంతకన్నా చిక్కైనది రంగుల నిర్వహణ రెండుసార్లు జరగడం. ఫోటో ఎడిటింగ్ ప్రోగ్రామ్ ఐసీసీ ప్రొఫైల్ (ఒక ప్రింటరు, కాగితం మీద రంగులు ఎలా పడతాయో తెలిపే ఫైలు) ప్రకారం రంగులను ఒకసారి సవరించి పంపితే, డ్రైవర్ తన వంతుగా వాటిని మళ్లీ సవరిస్తుంది. ఫలితంగా చర్మం ఎర్రబారినట్టు వస్తుంది. ఈ రెండింటిలో ఒకదానికే బాధ్యత అప్పగించి రెండోదాన్ని పూర్తిగా ఆపేయాలి. ఫోటో మరీ చీకటిగా వస్తోందన్న ఫిర్యాదులో మాత్రం తరచు తప్పు మానిటర్ వెలుగుదే. దాన్ని బాగా తగ్గించి చూస్తే తెర మీది ఫోటోకూ కాగితం మీది ఫోటోకూ ఉన్న తేడా చాలావరకు పోతుంది.

ఇవన్నీ సరిచూసిన తర్వాత కూడా గీతలు తెగే ఉంటే దరఖాస్తుకు సిద్ధపడవచ్చు. ప్రింటర్ వెనుక గాని అడుగున గాని అంటించిన లేబుల్ నుంచి మోడల్ సంఖ్యను, సీరియల్ సంఖ్యను తప్పులేకుండా ఎక్కించుకోవాలి. సున్నాకూ ఇంగ్లిష్ ‘ఓ’ అక్షరానికీ తేడా చూసుకోకపోతే దరఖాస్తు మొదట్లోనే తిరస్కరణకు గురికావచ్చు. కొనుగోలు తేదీ కనిపించే బిల్లు, వారంటీ కార్డు ప్రతులు జతచేయాలి. వాటితోపాటు మొదటి నాజిల్ చెక్‌ను, క్లీనింగ్ తర్వాత తీసినదాన్ని తేదీలు వేసి జతపరచండి. లోపం కనిపించే ఫోటో ప్రింటు ఒకటి, దాని అసలు ఫైలు కూడా ఇస్తే నిపుణుడు తన దగ్గర అదే ఫోటో తీసి పోల్చుకోగలడు. సమస్య వివరాల గడిలో ‘మెజెంటా నాజిల్ చెక్‌లో సగం గీతలు లేవు, రెండుసార్లు క్లీనింగ్ చేసి రాత్రంతా ఆపి ఉంచినా మార్పు లేదు, సంస్థ ఇంక్‌నే వాడుతున్నాను’ అన్నట్టు రాయాలి. వేరే సంస్థ ఇంక్ వాడి ఉంటే ఆ సంగతి దాచకండి. హెడ్ విప్పగానే తెలిసిపోయే విషయం అది. అలాంటి ఇంక్ వల్ల కలిగిన నష్టానికి వారంటీ వర్తిస్తుందో లేదో వారంటీ షరతుల్లో ముందే చదువుకోవడం మంచిది.

దరఖాస్తు అందాక ఇచ్చే సంఖ్యను రాసుకుని, ప్రింటర్‌ను ఇవ్వడానికి సిద్ధం చేయాలి. సంస్థ వేరుగా చెబితే తప్ప కార్ట్‌రిడ్జ్‌లను బయటికి తీయకూడదు, తీస్తే హెడ్ ఎండిపోతుంది. ఇంక్ ట్యాంకు ఉన్న రకమైతే మూతలు బిగించి, రవాణా తాళం ఉంటే వేసి, ఎప్పుడూ నిటారుగానే ఉంచాలి. ఒరిగితే ఇంక్ కారుతుంది.

ప్రింటర్ తిరిగి తెచ్చుకునే రోజున రసీదు మీద సంతకం చేయడానికి ముందు, కౌంటర్ దగ్గరే నాజిల్ చెక్ తీయించి, మీ పాత కాగితం పక్కన పెట్టి, ముఖ్యంగా పసుపు పట్టీని జాగ్రత్తగా చూడండి.